చెత్త ఎవరిది? జరిమానా ఎవరిది?

ఈ నెల పాఠం: వ్యాపారాల చెత్త, రీసైక్లింగ్ రూల్సు, పనివాళ్ల హక్కులు

మీరు రెస్టారెంటు వంటగదిలో పని చేస్తూ ఉండవచ్చు, మోటెల్‌లో గదులు శుభ్రం చేస్తూ ఉండవచ్చు, ఇళ్ల రిపేరు సైటులో ఉండవచ్చు, ఎవరి ఇంట్లోనో వంట, పిల్లల పని చూస్తూ ఉండవచ్చు. ఎక్కడున్నా రోజు ఆఖరున మిగిలే పని ఒకటి ఉంటుంది. చెత్త బయట పెట్టడం. చూడడానికి చిన్న పనే. కానీ సిటీ వాళ్లు జరిమానా వేసేది దీని మీద. చేతికి గాజుముక్క గుచ్చుకునేది, నడుం పట్టేసేది ఇక్కడ. డ్యూటీ అయిపోయిందని క్లాక్ అవుట్ చేశాక జీతం లేకుండా చేసే పని కూడా చాలాసార్లు ఇదే.

అందుకే ఈ నెల పాఠానికి చెత్తనే తీసుకున్నాం. మొత్తం పాఠంలో గుర్తుపెట్టుకోవలసినవి మూడే మాటలు. చెత్త వ్యాపారానిది. దాన్ని వేరుచేసి బయట పెట్టడానికి పట్టే టైము మీది, దానికి జీతం రావాలి. ఆ పనిలో ప్రమాదం లేకుండా చూసే బాధ్యత పని ఇచ్చినవారిది.

ఇల్లు వేరు, వ్యాపారం వేరు

హైదరాబాదులో స్వచ్ఛ ఆటో వీధిలోకి వస్తే ఇంటివాళ్లూ, టీ కొట్టువాడూ అందరూ వెళ్లి తడి చెత్త, పొడి చెత్త అందులోనే వేస్తారు. అమెరికాలో చాలాచోట్ల అలా కుదరదు. ఇళ్ల చెత్త సిటీయో, టౌన్‌షిప్పో, వాళ్లు పెట్టుకున్న కంపెనీయో తీసుకుపోతుంది. దుకాణం, రెస్టారెంటు, ఆఫీసు, మోటెల్ మాత్రం చాలా ఊళ్లలో సొంత ఖర్చుతో లైసెన్సు ఉన్న ప్రైవేటు చెత్త కంపెనీతో ఒప్పందం చేసుకోవాలి. ఇంటి బిన్‌లో కొట్టు చెత్త వేస్తే తప్పు. కొట్టు ముందు ఉన్న వీధి చెత్తడబ్బాలో కొట్టు చెత్త వేసినా తప్పే.

రూల్సు ఊరిని బట్టి మారతాయి. మనవాళ్లు ఎక్కువగా పని చేసే కొన్నిచోట్ల సంగతి చూద్దాం.

న్యూయార్క్ సిటీ: ఇళ్ల చెత్త శానిటేషన్ డిపార్ట్‌మెంటు తీస్తుంది. వ్యాపారాల చెత్త ప్రైవేటు కంపెనీలు తీస్తాయి. ఆ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చి అదుపులో ఉంచడానికి బిజినెస్ ఇంటెగ్రిటీ కమిషన్ అనే సిటీ ఆఫీసు ఉంది. వెనుక ఒకే వీధికి రాత్రంతా రకరకాల కంపెనీల లారీలు తిరిగేవి. దాన్ని మార్చడానికి 2019లో లోకల్ లా 199 తెచ్చారు. ఆ చట్టం కింద సిటీని 20 జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు కొద్ది కంపెనీలనే ఎంపిక చేస్తున్నారు. జాక్సన్ హైట్స్, ఎల్మ్‌హర్స్ట్, కరోనా ప్రాంతాలున్న క్వీన్స్ సెంట్రల్ జోన్‌లో ఇది మొట్టమొదట, 2025 జనవరి 2 నుంచి అమలైంది. ఇవి కాక 2024 మార్చి 1 నుంచి ప్రతి వ్యాపారమూ చెత్తను మూత ఉన్న బిన్‌లోనే బయట పెట్టాలి. తప్పితే మొదటిసారి 50 డాలర్లు, తర్వాత 100, ఆ తర్వాత 200.

న్యూజెర్సీ: రాష్ట్రం మొత్తానికీ రీసైక్లింగ్ తప్పనిసరి చేస్తూ 1987లోనే ఇక్కడ చట్టం వచ్చింది. ఎడిసన్‌లో అపార్ట్‌మెంటుకైనా, ఇసెలిన్‌లో కిరాణా కొట్టుకైనా అది వర్తిస్తుంది. చెత్త తీసుకుపోయే కంపెనీకి రాష్ట్ర పర్యావరణ శాఖ ఇచ్చే ఎ-901 లైసెన్సు ఉండాలి.

కాలిఫోర్నియా: ఎస్.బి. 1383 అనే చట్టం 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం వ్యాపారాలు కూడా అన్నం, కూరగాయల తొక్కు లాంటి తడి చెత్తను వేరుగా ఇవ్వాలి. సాధారణంగా ఆకుపచ్చ బిన్ తడి చెత్తకు, నీలం రీసైక్లింగ్‌కు, బూడిద రంగు లేదా నలుపు మిగతా చెత్తకు. ఈ చట్టంలో పనివాళ్లకు ఉపయోగపడే మాట ఒకటుంది. ఏది ఏ బిన్‌లో వెయ్యాలో వ్యాపారమే తన పనివాళ్లకు ఏడాదికి ఒకసారైనా చెప్పాలి. బిన్లు అప్పుడప్పుడు తెరిచి చూసి, తప్పుగా వేసినవి ఉంటే పనివాళ్లకు తెలియజెయ్యాలి. అంటే నేర్పే బాధ్యతను చట్టం యజమాని మీద పెట్టింది. "నీకు తెలియకపోతే నా తప్పా?" అని మీ మీద విసుక్కునే హక్కు ఆయనకు లేదు.

టెక్సాస్‌లోని ఆస్టిన్: 2018 అక్టోబరు నుంచి వంట లైసెన్సు ఉన్న వ్యాపారాలన్నీ మిగిలిన తిండిని, తడి చెత్తను మామూలు చెత్తలో కలపకుండా వేరే దారి చూడాలి.

జరిమానా మీ జీతంలోంచి కోయవచ్చా?

ఒక రెస్టారెంటు అనుకోండి. కార్డ్‌బోర్డు, మిగిలిన సాంబారు ఒకే సంచిలో పడ్డాయి. ఇన్‌స్పెక్టరు టికెట్ రాశాడు. ఓనరు వచ్చి, "నువ్వే కదా చెత్త పెట్టింది? ఈ వారం జీతంలో పట్టుకుంటా" అన్నాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. టికెట్ మీద ఎవరి పేరుంది? వ్యాపారం పేరు. రూలు ఎవరికి? వ్యాపారానికి.

ఫెడరల్ చట్టం ప్రకారం, యజమాని నష్టాన్ని పూడ్చుకోవడానికి కోసే కోత వల్ల మీకు రావలసిన కనీస వేతనం గానీ ఓవర్‌టైమ్ గానీ తగ్గకూడదు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి మారలేదు. చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువే ఉంది. కొన్ని రాష్ట్రాల చట్టం ఇంకా గట్టిది. న్యూయార్క్‌లో ఇలాంటి జరిమానాలు, నష్టాలు జీతంలోంచి కోయడమే కుదరదు. న్యూజెర్సీలో ఏయే కోతలు కోయవచ్చో చట్టమే జాబితా ఇచ్చింది. ఓనరుకు పడిన చెత్త జరిమానా అందులో లేదు. టెక్సాస్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడ మీరు ముందుగా కాగితం మీద ఒప్పుకుని ఉంటే కోత కోసే వీలుంది. పనిలో చేరిన రోజున "ఇదంతా మామూలే, సంతకం పెట్టు" అని కాగితాల కట్ట ఇస్తే, అందులో ఏముందో చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

క్లాక్ అవుట్ తర్వాత చేసే పని

న్యూయార్క్ రూలు ప్రకారం మూత ఉన్న బిన్ అయితే కొట్టు మూసే గంట ముందు నుంచి బయట పెట్టవచ్చు. రీసైక్లింగ్ లాంటివి సంచుల్లో పెట్టాలంటే రాత్రి 8 దాటాలి. అంటే ఈ పని ఎప్పుడూ రోజు చివరికే వస్తుంది. "క్లాక్ అవుట్ చేసి, పోతూ పోతూ ఆ చెత్త పెట్టేసి పో" అనే మాట అందుకే వినబడుతుంది.

లెక్క వేసి చూడండి. మీరు రాత్రి 10కి క్లాక్ అవుట్ చేసి 10.25 వరకు పెట్టెలు మడిచి, బిన్లు కడిగి బయట పెట్టారనుకోండి. రోజుకు 25 నిమిషాలు. వారానికి 6 రోజులకు రెండున్నర గంటలు. ఏడాదిలో 50 వారాలకు 125 గంటలు. గంటకు 15 డాలర్ల చొప్పున 1,875 డాలర్లు. మీరు అప్పటికే వారానికి 40 గంటలు దాటి ఉంటే అది ఓవర్‌టైమ్ కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే 2,812 డాలర్లు పైనే. "పోతూ పోతూ" అన్న రెండు మాటల్లో పోయేది ఊళ్లో పిల్లల ఫీజు కట్టే డబ్బు.

చట్టం ఏమంటుందంటే, ఓనరు చెప్పినా, చెప్పకుండా చూస్తూ ఊరుకున్నా, మీరు ఆయన కోసం పని చేసిన టైము పని టైమే. తెల్లవారుజామున కొట్టు తెరవక ముందు ఖాళీ బిన్లు లోపలికి తెచ్చే టైమూ అంతే. ఫెడరల్ చట్టం కింద గడిచిన 2 ఏళ్ల బాకీ అడగవచ్చు. ఓనరు తెలిసే ఎగ్గొట్టి ఉంటే 3 ఏళ్లు. న్యూయార్క్ రాష్ట్ర చట్టం కింద 6 ఏళ్లు. కాబట్టి ఫోనులోనో, చిన్న నోటుబుక్కులోనో రోజూ రాసుకోండి: తేదీ, క్లాక్ అవుట్ టైము, నిజంగా బయటపడిన టైము. మీ చేతి రాత కూడా సాక్ష్యమే.

సైటు చెత్త: పగలగొట్టినది ఎక్కడికి పోతుంది?

బిల్డింగు పనిలో ఉన్నవారికి చెత్త అంటే పాత గోడల ముక్కలు, షీట్‌రాక్, టైల్స్, మేకులున్న చెక్కలు. కాలిఫోర్నియాలో చాలా పనులకు ఇలాంటి చెత్తలో కనీసం 65 శాతం రీసైక్లింగ్‌కో, తిరిగి వాడకానికో పంపాలని బిల్డింగు కోడ్ చెబుతోంది. అందుకే మేస్త్రీ "చెక్క ఒకవైపు, ఇనుము ఒకవైపు" అంటాడు. మంచిదే. కానీ వేరు చేసేటప్పుడు మీ చేతులు, ఊపిరితిత్తులు ఏమవుతున్నాయో కూడా చూడాలి. ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థ ఓషా రూల్సు ఇవి:

చెత్తను బిల్డింగు బయటికి 20 అడుగుల కంటే ఎక్కువ ఎత్తు నుంచి వదలాలంటే మూసి ఉన్న గొట్టంలోంచే వదలాలి. కిటికీలోంచి విసరకూడదు. ఫ్లోరులో కంత చేసి గొట్టం లేకుండా కిందికి వదిలితే, కింద పడేచోటు చుట్టూ కనీసం 6 అడుగుల దూరంలో, 42 అంగుళాల ఎత్తున అడ్డుకంచె ఉండాలి.

మేకులు పైకి లేచిన చెక్కలు నడిచే దారిలో ఉండకూడదు. నూనె గుడ్డలు, థిన్నర్ మిగుళ్లు మంటకు తట్టుకునే, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి.

1980 నాటికి కట్టిన బిల్డింగులో పైపుల చుట్టూ ఉండే పొర, పాత వినైల్ ఫ్లోరింగ్ లాంటివాటిలో ఆస్బెస్టాస్ ఉందనే అనుకోవాలి. లేదని టెస్టులో తేలే వరకు పగలగొట్టడం, చీపురుతో ఊడ్చడం వద్దు. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగులో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము బట్టలకు అంటుకుని ఇంట్లో పిల్లల దాకా వస్తుంది.

హెల్మెట్, కళ్లద్దాలు, పనికి తగిన గ్లోవ్స్ లాంటి రక్షణ సామాన్లలో చాలావాటిని కంపెనీయే తన డబ్బుతో కొనివ్వాలి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: భద్రత గురించిన ట్రైనింగ్ పనివాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని ఓషా 2010లో స్పష్టంగా చెప్పింది. మీకు ఇంగ్లీషు రాదని కంపెనీకి తెలిసి, ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకుని "ట్రైనింగ్ అయిపోయింది" అంటే అది ట్రైనింగ్ కాదు.

"రాత్రి ఎక్కడో పడేసి రా" అంటే

డంపింగ్ యార్డులో చెత్త దింపాలంటే డబ్బు కట్టాలి. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి కొందరు చిన్న కాంట్రాక్టర్లు పికప్ ట్రక్కు తాళాలు పనివాడికిచ్చి, "ఆ ఖాళీ స్థలంలో పడేసి రా, ఎవరూ చూడరు" అంటారు. ఈ ఒక్క మాటకు మాత్రం తలూపకండి. మిగతా విషయాల్లో బాధ్యత యజమాని మీద ఉంటుంది. ఇక్కడ పడేసిన మనిషి మీదే కేసు వస్తుంది.

కాలిఫోర్నియా శిక్షాస్మృతి 374.3 సెక్షన్ ప్రకారం, వ్యాపారంలో, వృత్తిలో తయారైన చెత్తను అలా పడేస్తే 6 నెలల దాకా జైలు, జరిమానా పడవచ్చు. చెత్త కొంచెమే కదా అన్న వాదన నిలవదు. పనిలోంచి వచ్చిన చెత్త అయితే చాలు. న్యూయార్క్ సిటీలో జరిమానా 4,000 డాలర్ల నుంచి మొదలవుతుంది, బండి కూడా పట్టుకుంటారు. వీసా మీద ఉన్నవారికీ, కాగితాలు లేనివారికీ క్రిమినల్ కేసు అంటే జరిమానాతో పోయేది కాదని మీకు తెలుసు.

"సార్, యార్డు రసీదు తెమ్మంటే తెస్తాను, రోడ్డు పక్కన మాత్రం నేను దింపను" అని చెప్పండి. వీలైతే అదే మాట మెసేజ్‌గా కూడా పంపండి.

ఇంకో సంగతి. ఎవరి ఇంట్లోనో బాత్రూమ్ రిపేరు చేశారు. ఆ టైల్స్, షీట్‌రాక్ ఇంటివాళ్ల చెత్త అనుకుంటాం. న్యూయార్క్‌లో అలా కాదు. కాంట్రాక్టరు చేసిన పనిలో వచ్చిన చెత్తను కాంట్రాక్టరే తీయించాలి. ఇంటి ముందు సంచుల్లో పెట్టేసి రాకూడదు.

ఇళ్లలో పని చేసే అక్కలకు, అమ్మలకు

మీకు వర్తించేది, వర్తించనిది రెండూ చెప్పుకోవాలి. ఒక కుటుంబం తమ ఇంట్లో మామూలు ఇంటిపనికి మిమ్మల్ని నేరుగా పెట్టుకుంటే ఫెడరల్ ఓషా రూల్సు వాళ్లకు వర్తించవు. క్లీనింగ్ కంపెనీ ద్వారా వెళ్తే ఆ కంపెనీకి వర్తిస్తాయి. జీతం చట్టం మాత్రం రెండు చోట్లా ఉంది. 1974 నుంచి ఇంటిపనివారికి కూడా ఫెడరల్ కనీస వేతనం ఉంది. న్యూయార్క్ 2010లో ఇంటిపనివారి హక్కుల చట్టం విడిగా చేసింది. పొద్దున్నే 6కి బిన్లు వీధి చివరికి లాక్కెళ్లిన టైము కూడా లెక్కలోకి రావాలి.

కొన్ని ఇళ్లలో ఇంటిపనితో పాటు క్యాటరింగ్, కర్రీ డబ్బాల వ్యాపారం నడుస్తుంది. మిమ్మల్ని పెట్టుకున్నది పిల్లల కోసం. చేసేది రోజూ 50 డబ్బాల కూర. అప్పుడు మీరు చేసేది ఆ కుటుంబం ఇంటిపని ఒక్కటే కాదు, వ్యాపారం పని కూడా. ఆ గంటలు విడిగా రాసుకోండి. వాటికీ జీతం రావాలి.

చెత్త పట్టుకునేటప్పుడు: సంచిని చేత్తో గానీ కాలితో గానీ అణచకండి. ఒంటికి ఆనించుకుని మోయకండి. లోపల సూది, బ్లేడు, పగిలిన గ్లాసు ఉండవచ్చు. బరువైతే రెండు సంచులు చెయ్యండి. బ్లీచ్, అమ్మోనియా ఉన్న క్లీనర్ల మిగుళ్లు ఒకే బకెట్లో పొయ్యకండి, విషవాయువు పుడుతుంది. పాత బ్యాటరీలు, ఫోన్లు చెత్తలో వెయ్యకండి, నలిగితే అంటుకుంటాయి. గ్రోసరీల్లో, మోటెళ్లలో కార్డ్‌బోర్డు నొక్కే బేలర్ మిషన్ ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లలు దాన్ని నడపడం నిషేధం. పెట్టె ఇరుక్కుంటే కరెంటు పూర్తిగా తీయకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

మెంఫిస్ నేర్పిన సంగతి

చెత్త నొక్కే మిషన్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, ఈ దేశ కార్మిక చరిత్రలో ఒక పెద్ద పోరాటం అక్కడే మొదలైంది. 1968 ఫిబ్రవరి 1న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో వాన పడుతుంటే, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్త నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరూ నలిగి చనిపోయారు. ఆ పాత లారీలు మార్చమని కార్మికులు ముందే అడిగి ఉన్నారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పని ఆపేశారు. "నేను మనిషిని" అని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. వాళ్లకు తోడుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అదే ఊళ్లో కాల్చి చంపారు. ఏప్రిల్ 16న సిటీ దిగివచ్చి యూనియన్‌ను గుర్తించింది, జీతాలు పెంచింది.

వాళ్లు అడిగినవి మూడు: ప్రమాదం లేని మిషను, తగిన జీతం, మనిషిగా చూడడం. ఈ పాఠంలో మనం అడుగుతున్నదీ అదే.

ఈ వారం మీరే చేసి చూడండి

ఒకటి. మీరు పని చేసే చోటి చెత్త ఏ కంపెనీ తీసుకుపోతుందో చూడండి. న్యూయార్క్‌లో అయితే ఆ కంపెనీ పేరున్న స్టిక్కరు కొట్టు అద్దానికి అంటించి ఉండాలి.

రెండు. ఏ బిన్‌లో ఏది వెయ్యాలో రాసిన కాగితం గోడ మీద ఉందా? లేకపోతే అడగండి. "అన్నా, ఏది ఎందులో వెయ్యాలో ఒక కాగితం మీద రాసి అంటించండి, తప్పు జరగకుండా ఉంటుంది" అంటే చాలు. తగువు పడినట్టు ఉండదు, రేపు టికెట్ వస్తే మీరు అడిగారన్న సంగతీ ఉంటుంది. మెసేజ్‌లో అడిగితే ఇంకా మంచిది.

మూడు. వారం రోజులు చెత్త పని టైము రాసి, పే స్టబ్‌తో పోల్చండి.

నాలుగు. దెబ్బ తగిలితే అదే రోజు సూపర్‌వైజరుకు చెప్పి, ఫొటో తీసి, తేదీ రాసుకోండి.

తేడా కనిపిస్తే ఒంటరిగా గొడవకు దిగకండి. జీతం గురించి ఫెడరల్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు 1-866-487-9243, భద్రత గురించి ఓషాకు 1-800-321-6742 నంబర్లకు ఫోను చెయ్యండి. న్యూయార్క్ సిటీ రూల్సు గురించి 311. ఇంగ్లీషు రాకపోయినా ఫోను ఎత్తగానే "తెలుగు" అనండి, దుబాసీని అడగండి. పాస్‌పోర్టు లాక్కున్నా, ఇంట్లోంచి కదలనివ్వకపోయినా 1-888-373-7888 నంబరు రాత్రీ పగలూ పని చేస్తుంది.

కాగితాలు లేనివారికి కూడా కనీస వేతనం, పనిలో భద్రత చట్టాలు వర్తిస్తాయి. ఫిర్యాదు చేశారని పనిలోంచి తీసేయడం, బెదిరించడం నేరుగా చట్టానికి విరుద్ధం. కానీ గడువు తక్కువ. భద్రత గురించి మాట్లాడినందుకు కక్ష కట్టి తీసేస్తే 30 రోజుల్లోపు ఓషాకు చెప్పాలి. "వచ్చే నెల చూద్దాంలే" అనుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఈ పాఠం మీ గదిలో ఉండేవాళ్లకు చదివి వినిపించండి. చదవడం రానివాళ్లుంటే ఫోనులో రికార్డు చేసి పంపండి.